కత్తికి ‘లీగల్’ అని స్టిక్కర్ వేసేస్తే సరిపోతుందా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ అనే కాదు, ఏ పేపర్ తీసినా తరచూ కనిపించే వార్త ఒకటుంది. ఫలానా చోట మారణాయుధాలు దొరికాయి, స్వాధీనం చేసుకున్నారు, కేసు పెట్టారు అని నాలుగు లైన్లు, పక్కన టేబుల్ మీద వరసగా పేర్చిన కత్తుల ఫొటో. అందులో కత్తి పొడుగెంతో ఉండదు, ఏ సెక్షన్ కింద కేసో ఉండదు, ఇంట్లో దొరికిందా రోడ్డు మీద పట్టుకెళ్తుంటే దొరికిందా అనేది కూడా ఒక్కోసారి ఉండదు. చదివినవాడికి బుర్రలో మిగిలేది ఒకటే, కత్తి ఉంటే జైలు అని. ఇంకోపక్క ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లేమో ఖడ్గం బొమ్మ కింద "100 శాతం లీగల్, లైసెన్స్ అక్కర్లేదు" అని పెద్ద అక్షరాలతో కొట్టేస్తారు, ఏ దేశంలో లీగల్, ఎవరికి లీగల్, ఇంట్లో పెట్టుకోడానికా నడుముకి కట్టుకోడానికా అని అడిగితే రిప్లై రాదు. నేను అడిగి చూశాను, రాలేదు.

నాకు కత్తులు సేకరించే అలవాటుంది. మడత కత్తులు ఎక్కువ, గోడకి పెట్టే ఖడ్గాలు తక్కువ. అందుకని తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు, ఎవరైనా కొనేముందు నాకు ఫొటో పంపి "ఇది లీగలేనా అన్నా" అని అడుగుతుంటారు. నేను వెంటనే ఎంత పొడుగు, ఎలా తెరుచుకుంటుంది, ఎక్కడ పెడతావు, ఎందుకు అని తిరిగి అడుగుతాను, వాళ్లకి విసుగొస్తుంది, అవునో కాదో చెప్పొచ్చుగా అంటారు. చెప్పలేను కాబట్టే ఈ ఉత్తరం. కొనడం ఒక నేరమా కాదా, ఇంట్లో ఉంచుకోవడం నేరమా కాదా, జేబులో పెట్టుకుని బయటికెళ్లడం నేరమా కాదా, అమ్మడం, దేశం దాటించడం నేరమా కాదా, ఇవన్నీ వేటికవే వేరు ప్రశ్నలు, చాలా దేశాల చట్టాల్లో వీటికి జవాబులు కూడా వేరుగానే ఉంటాయి.

ముందు మన దేశం సంగతే చూడండి. ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాంట్లో ఆయుధం అంటే దాడికో ఆత్మరక్షణకో తయారుచేసిన లేదా అలా మార్చిన వస్తువు, పదునైన అంచు ఉన్నవి కూడా వస్తాయి, కానీ ఇంటి పనికీ వ్యవసాయానికీ మాత్రమే తయారుచేసినవి రావు, మామూలు చేతికర్ర రాదు, బొమ్మగా తప్ప ఎందుకూ పనికిరానివి రావు. అంటే ఆ వస్తువు దేనికోసం తయారైందన్నది మొదటి ప్రశ్న. తర్వాత 2016 ఆయుధాల నిబంధనల్లో ఐదో కేటగిరీ ఉంది, అందులో ఖడ్గాలు, చేతికర్రలో దాచిన ఖడ్గాలు, బాకులు, బాయొనెట్లు (తుపాకీ మొనకి బిగించే కత్తులు), ఈటెలు, యుద్ధ గొడ్డళ్లు, కత్తులు వస్తాయి, బ్లేడు 9 అంగుళాలకంటే పొడుగో 2 అంగుళాలకంటే వెడల్పో ఉండాలన్న కొలత కూడా అక్కడిదే. ఇల్లు, వ్యవసాయం, సైన్సు, పరిశ్రమల పనికి చేసినవి మళ్లీ మినహాయింపే. అందుకే మాంసం కొట్టే కత్తి 12 అంగుళాలున్నా ఈ లిస్టులోకి రాదు, నగిషీ చెక్కిన 10 అంగుళాల బాకు గోడకి వేలాడదీసుకోడానికే కొన్నా వస్తుంది. వినడానికి తిక్కగా ఉంటుంది కానీ లాజిక్ ఉంది, మొదటిది దేనికో చూడగానే తెలుస్తుంది, రెండోది పొడవడానికి తప్ప దేనికీ డిజైన్ చేయలేదు కదా.

సరే లిస్టులో ఉంది కాబట్టి ఖడ్గం ఇంట్లో పెట్టుకుంటే నేరమా అంటే, అదీ నేరుగా కాదు. సెక్షన్ 4 అని ఒకటుంది. ఒక ప్రాంతంలో పరిస్థితుల్ని బట్టి అవసరం అనుకుంటే కేంద్రం గెజిట్ నోటిఫికేషన్ ఇస్తుంది, ఆ నోటిఫికేషన్ వచ్చిన ప్రాంతంలో, అందులో చెప్పిన రకం ఆయుధాలు లైసెన్స్ లేకుండా కొనకూడదు, ఉంచుకోకూడదు, పట్టుకెళ్లకూడదు. ఇక్కడే నాకు ఒళ్లు మండేది. ఒక మామూలు మనిషి తన ప్రాంతం నోటిఫికేషన్‌లో ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? పాత గెజిట్లు తిరగేయాలా? పొడుగు టేపుతో కొలుచుకుంటాడు, బ్లేడు ఎలా ఉందో చూసుకుంటాడు, తను నిలబడ్డ నేల మీద ఏ నోటిఫికేషన్ ఉందో మాత్రం ఎవర్ని అడగాలో తెలీదు. "లైసెన్స్ అక్కర్లేదు" అని స్టిక్కర్ వేసే అమ్మకందారుకి మాత్రం దేశంలో అన్ని ప్రాంతాల సంగతీ తెలుసన్నమాట! పైగా తయారుచేసి అమ్మేవాడికి లైసెన్స్ కావాలా వద్దా అనేది సెక్షన్ 5లో ఉన్న వేరే ప్రశ్న, దాని గురించి అసలు మాటే ఎత్తరు. ఇది చాలనట్టు, గొడవలప్పుడో ఎన్నికలప్పుడో పాత 144 స్థానంలో 2024 జులై నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 163 కింద తాత్కాలిక ఆర్డర్లు ఇస్తారు, ఆయుధాలు పట్టుకుని తిరగొద్దని అందులో ఉండొచ్చు, అంటే నిన్న మామూలుగా ఉన్నది ఇవాళ కేసు కావచ్చు.

సిక్కుల కృపాణం సంగతి చాలామంది అడుగుతారు. రాజ్యాంగం 25వ అధికరణం కింద వివరణలోనే ఉంది, కృపాణం ధరించడం, వెంట ఉంచుకోవడం సిక్కు మతాచరణలో భాగమని. దేశీయ విమానాల్లో మాత్రం కొలత పెట్టారు, బ్లేడు 6 అంగుళాలు, మొత్తం 9 అంగుళాలు దాటకూడదు. హక్కుని ఒప్పుకుంటూనే కొలత కూడా స్పష్టంగా చెప్పారు. ఇలా రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది, మిగతావి కూడా ఇలా ఎందుకు రాయరో నాకు తెలీదు.

మన చట్టాన్నే తిట్టి వదిలేస్తే అన్యాయం, బ్రిటన్ వాళ్లది ఇంకో రకం తలనొప్పి. అక్కడ మన పిల్లలు చాలామంది చదువుకుంటున్నారు కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తా. నేను చెప్పేది ఇంగ్లండ్, వేల్స్‌ల సంగతి. 1988 క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం పబ్లిక్ ప్లేస్‌లో బ్లేడున్న వస్తువు సరైన కారణం లేకుండా దగ్గర ఉంటే నేరం, శిక్ష నాలుగేళ్ల వరకు. మినహాయింపు ఒక్కటే, మడిచే జేబు కత్తి, పదును అంచు 3 అంగుళాలు దాటకూడదు. ఆ కారణం ఉందని చూపించుకోవాల్సింది మనమే, పనికి తీసుకెళ్తున్నానో, మతపరమైన కారణమో, జాతీయ దుస్తుల్లో భాగమో. "ఎవరైనా మీద పడితే కాపాడుకోడానికి" అనేది మాత్రం అక్కడ కారణం కింద నడవదు, చాలామంది కుర్రాళ్లు సరిగ్గా ఇదే చెప్పి ఇరుక్కుంటారు. వంటగది కత్తి కొని ఇంటికి తెచ్చుకోవడం తప్పేం కాదు, ప్యాకింగ్ విప్పకుండా బిల్లుతో సహా తీసుకెళ్లమని నేను చెప్తాను, అదే కత్తి మర్నాడు కూడా బ్యాగులోనే ఉండిపోతే చెప్పుకోడానికి కథ ఉండదు.

ఇప్పుడు ఆ మడత కత్తి దగ్గరే ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే చట్టం రాసేవాళ్లు వస్తువుని చేత్తో పట్టుకుని చూస్తారా అని నాకు డౌటు వచ్చేది ఇక్కడే. పాత రకం జేబు కత్తికి వీపు వైపు ఒక స్ప్రింగు ఉంటుంది, బ్లేడు తెరిస్తే ఆ బిగువు మీదే నిలబడుతుంది, గట్టిగా నొక్కితే మూసుకుపోతుంది. కొత్త రకంలో లాక్ ఉంటుంది, బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే పిడి లోపల పల్చటి రేకు ఒకటి టక్కుమని పక్కకి జరిగి బ్లేడు మడమ వెనక అడ్డంగా నిలబడుతుంది, బొటనవేలితో ఆ రేకుని నెడితే తప్ప మూసుకోదు. పని చేసేటప్పుడు బ్లేడు వెనక్కి మడిచిపోయి వేళ్లు తెగకుండా పెట్టిన ఏర్పాటు అది. అయితే బ్రిటన్ కోర్టు 1993లో హారిస్ కేసులో ఏం చెప్పిందంటే, లాక్ పడే కత్తి మడిచే జేబు కత్తి కిందకి రాదు, కాబట్టి 3 అంగుళాల మినహాయింపు దానికి లేదని. అంటే 2 అంగుళాల బ్లేడైనా లాక్ ఉంటే కారణం చూపించాలి, 3 అంగుళాల బ్లేడు లాక్ లేకుండా ఉంటే అక్కర్లేదు. వేళ్లకి సేఫ్ అయినదే చట్టానికి డేంజర్ అయింది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద లాక్ ఉందని గొప్పగా రాసుకుంటారు, అదే లైను అక్కడ నేరానికి ఆధారం కూడా, ఈ ముక్క మాత్రం ఎక్కడా రాయరు.

ఖడ్గాల విషయంలో బ్రిటన్ కథ పిల్లీ ఎలుకా ఆటే. 2008 ఏప్రిల్‌లో 50 సెంటీమీటర్లు, అంతకంటే పొడుగున్న వంపు ఖడ్గాల అమ్మకం, దిగుమతి నిషేధించారు, పిడి పైనుంచి మొన వరకు సూటిగా కొలవాలి. 1954కి ముందు చేసినవి, సంప్రదాయ పద్ధతిలో చేత్తో చేసినవి మినహాయించారు. వంపు అన్నారు కాబట్టి నిటారు ఖడ్గాలు అమ్మారు. 2016లో జాంబీ కత్తులని (చూడగానే భయం పుట్టేలా తయారుచేసినవి) నిషేధించారు, దాంట్లో బ్లేడు మీదో పిడి మీదో హింసని సూచించే బొమ్మలో రాతలో ఉండాలని ఒక షరతు పెట్టారు, తయారీదార్లు ఆ రాతలు తీసేసి అదే కత్తి అమ్మారు. మళ్లీ 2024 సెప్టెంబర్ 24 నుంచి రాతలతో పనిలేకుండా, 8 అంగుళాలు దాటిన బ్లేడు, సూది మొన, దానికి తోడు రంపపు అంచో ముళ్లో ఒకటికి మించి రంధ్రాలో ఇలా లక్షణాలు లెక్కపెట్టి నిషేధించారు. 2025 ఆగస్టు 1న నింజా ఖడ్గాల వంతు, 14 నుంచి 24 అంగుళాల నిటారు బ్లేడు, కోసినట్టుండే మొన. వీటిని ఇంట్లో ఉంచుకున్నా నేరమే, ముందుగా అప్పగించినవాళ్లకి డబ్బు కూడా ఇచ్చారు. ఆకారం వర్ణించి నిషేధిస్తే ఆకారం మార్చి అమ్ముతారు, ఇంకో పదేళ్ల తర్వాత ఇంకేదో పేరుతో ఇంకో లిస్టు వస్తుంది చూడండి. అక్కడ కత్తి హత్యల్లో ఎక్కువగా కనిపించేది వంటగది కత్తే, దాన్ని మాత్రం ఎవరూ నిషేధించలేరు. అందుకని ఈ నిషేధాలు దండగ అని నేననను, రోడ్డు మీద గొప్పలు పోడానికి చూపించుకునే సరుకు ఇంటి మెయిల్‌బాక్సులోకి రావడం ఆగితే మంచిదే, దాంతోనే అంతా అయిపోయిందనుకుంటేనే ఇబ్బంది.

నాకు నచ్చిన పద్ధతి అడిగితే జపాన్ అంటాను, కొంత కఠినమే అయినా. 1588లో అప్పటి పాలకుడు హిదెయోషి రైతుల దగ్గర ఖడ్గాలు ఊడలాగేసుకున్నాడు, 1876లో సమురాయ్‌లు నడుముకి ఖడ్గం కట్టుకుని తిరగడాన్ని ఆపేశారు, ఇప్పుడున్న తుపాకులు ఖడ్గాల నియంత్రణ చట్టం 1958ది. అక్కడ లైసెన్స్ మనిషికి ఇవ్వరు, రిజిస్ట్రేషన్ ఖడ్గానికి ఇస్తారు, అదీ కళాఖండంగా. ఇస్తున్నది పోలీసులు కూడా కాదు, ఆ రాష్ట్ర విద్యా మండలి! పాత ఇంటి అటక మీద ఖడ్గం దొరికితే ముందు పోలీసులకి చెప్పి దొరికినట్టు కాగితం తీసుకోవాలి, తర్వాత మండలి నిపుణుల ముందు పెట్టాలి. వాళ్లు పిడి ఊడదీసి బ్లేడు పొడుగు, వంపు ఎంతుందో కొలుస్తారు, పిడిలోపలి భాగంలో మేకు కోసం పెట్టిన రంధ్రాలెన్నో లెక్కపెడతారు, కమ్మరి చెక్కిన సంతకం ఉంటే రాసుకుంటారు, ఇవన్నీ ఒక కార్డు మీదకి ఎక్కుతాయి. ఆ కార్డు ఖడ్గంతోనే ఉండాలి, చేతులు మారితే కొత్త ఓనరు 20 రోజుల్లో తెలియజేయాలి. కొనేవాడు కార్డు మీద అంకెలు, చేతిలో ఉన్న ఇనుము సరిపోయాయో లేదో తనే చూసుకోవచ్చు, లీగలా కాదా అని ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

అయితే దీంట్లోనూ ఒక మెలిక ఉంది, సంప్రదాయంగా కొలిమిలో కాల్చి సాగగొట్టినవే రిజిస్టర్ అవుతాయి, యుద్ధకాలంలో మిషన్ మీద చేసిన సైనిక ఖడ్గాలు కళాఖండం కావు కాబట్టి రిజిస్ట్రేషన్ దొరకదు, తాతదైనా సరే అక్కడ ఉంచుకోడానికి లేదు. అదే ఖడ్గం ఇంకో దేశంలో సేకర్తలు హాయిగా గోడకి పెట్టుకుంటారు. ప్రాక్టీసు చేసేవాళ్లు జింకు అల్యూమినియం మిశ్రమంతో చేసిన ఖడ్గాలు వాడతారు, వాటికి పదును పట్టదు. ఇక మామూలు కత్తుల విషయంలో, బ్లేడు 6 సెంటీమీటర్లు దాటితే సరైన కారణం లేకుండా బయట పట్టుకెళ్లకూడదు, 2008లో టోక్యో అకిహబరాలో జరిగిన దాడి తర్వాత రెండువైపులా పదునున్న బాకుల్ని 5.5 సెంటీమీటర్ల నుంచే కట్టడి చేశారు.

అమెరికాలో మొత్తం దేశానికి కలిపి ఖడ్గం ఉంచుకోవద్దనే చట్టం లేదు, 1958 నాటి స్విచ్‌బ్లేడ్ చట్టం బటన్ నొక్కితే తెరుచుకునే కత్తులు రాష్ట్రాల మధ్య వ్యాపారంలో తిరగకుండా ఆపుతుంది, మిగతాదంతా రాష్ట్రాల ఇష్టం. టెక్సస్‌లో 2017 సెప్టెంబర్ నుంచి పెద్దవాళ్లు 5.5 అంగుళాలు దాటిన బ్లేడు, ఖడ్గంతో సహా, చాలా చోట్ల పట్టుకెళ్లొచ్చు, స్కూళ్లు, పోలింగ్ కేంద్రాల్లాంటివి తప్ప. కాలిఫోర్నియాలో మడవని కత్తి నడుముకి బయటికి కనపడేలా పెట్టుకోవచ్చు, అదే బాకు చొక్కా కింద దాస్తే నేరం, చేతికర్రలో ఖడ్గం అయితే అసలు ఉండనే కూడదు. మసాచుసెట్స్‌లో స్విచ్‌బ్లేడ్ నిషేధాన్ని 2024లో అక్కడి సుప్రీం కోర్టే రాజ్యాంగ విరుద్ధం అని కొట్టేసింది. ఒకే హైవే మీద కారులో పోతూ పోతూ మూడు రకాల మనిషి అయిపోతారు. జర్మనీలో 12 సెంటీమీటర్లు దాటిన మడవని కత్తి, ఒంటిచేత్తో తెరిచి లాక్ పడే కత్తి బయట పట్టుకెళ్లడం 2008 నుంచే కుదరదు, 2024లో ఇంకా బిగించారు. ఆస్ట్రేలియా విక్టోరియాలో ఖడ్గాలు 2004 నుంచే నిషిద్ధ ఆయుధాలు, సేకర్తలకి షరతులతో మినహాయింపు, 2025 సెప్టెంబర్ 1 నుంచి 20 సెంటీమీటర్లు దాటిన మాచెట్ కత్తులు కూడా ఆ లిస్టులోకి వెళ్లాయి, వంటగదివి కాకుండా.

ఇంత చెప్పాక అర్థమయ్యే ఉంటుంది, "లీగల్" అనే ఒక్క మాట స్టిక్కర్ వేయడం ఎంత మోసమో. నేను అడిగేది పెద్దదేం కాదు. అమ్మేవాడు బ్లేడు పొడుగు, వెడల్పు, లాక్ ఉందా లేదా, ఒకవైపు పదునా రెండువైపులా, ఏ స్టీలు, అసలు పదునుందా లేదా, ఇవి తప్పనిసరిగా రాయాలి. ఇప్పుడు చాలామంది పిడితో కలిపి మొత్తం పొడుగు ఒక్కటే రాస్తారు, చట్టం అడిగేది బ్లేడు కొలతని, ఆ తేడా తెలియక కొన్నవాడు నిజంగానే బలైపోతాడు. పదును లేకపోతే పర్లేదు అనుకోవడం ఇంకో భ్రమ, ఆకారాన్ని బట్టి నిషేధించిన చోట మొద్దు కత్తి కూడా కేసే కావచ్చు, పైగా మొద్దుది రాయి మీద అరగదీస్తే ఎంతసేపు. డెకరేషన్ ఖడ్గాల గురించి ఇంకో మాట, వీటిల్లో చాలావాటికి పిడి లోపల బ్లేడు కొనసాగదు, సన్నటి చువ్వ ఒకటి వెల్డింగ్ చేసి బోల్టు బిగిస్తారు, ఊపితే బ్లేడు ఊడి ఎగిరిపడుతుంది. లీగల్ అయినా సరే పిల్లలకి అందనివ్వకండి.

గెజిట్ నోటిఫికేషన్ల లిస్టు ప్రాంతాల వారీగా ఒకచోట పెట్టి పోలీసు శాఖ వెబ్‌సైట్లో తెలుగులో ఉంచితే ఖర్చేం కాదు. తాతల నాటి ఖడ్గం ఇంట్లో ఉన్నవాళ్లు నిజాయితీగా అడుగుదామంటే భయపడుతున్నారు, స్టేషన్‌కి వెళ్లి అడిగితే అడిగినందుకే అనుమానిస్తారేమోనని, చివరికి అటకెక్కించి మర్చిపోతారు. అలాంటివాళ్లు ఇంకోటి కూడా తెలుసుకోవాలి, వందేళ్లు దాటిన ఖడ్గం పురావస్తువు కింద వస్తుంది, 1972 చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం బయటికి పంపకూడదు. విదేశంలో ఉన్న కొడుక్కి గిఫ్టుగా సూట్‌కేసులో పెట్టి పంపిద్దాం అనుకునేవాళ్లు ఆగండి, ఇక్కడ ఎగుమతి కేసు, అక్కడ దిగుమతి కేసు, ఒకే ఖడ్గానికి రెండు దేశాల్లో తిప్పలు. మామూలు మడత కత్తి కూడా హ్యాండ్ బ్యాగులో మర్చిపోతే సెక్యూరిటీ దగ్గరే పోతుంది, చెక్ఇన్ సామానులో పెట్టినా దిగే దేశం రూలు చూసుకోవాలి.

మీ పేపర్‌కి కూడా ఒక విన్నపం. ఈసారి కత్తుల ఫొటో వేసినప్పుడు కింద ఒక్క లైను కలపండి, బ్లేడు ఎన్ని అంగుళాలు, దొరికింది ఇంట్లోనా బయటా, ఏ చట్టం ఏ సెక్షన్. మీ రిపోర్టరు ఎఫ్ఐఆర్ చూసే రాస్తాడు కదా, అందులో ఉంటుంది. ఆదివారం అనుబంధంలో ఒక పేజీ ఈ కొలతలకి ఇచ్చినా సంతోషం, విదేశాలకి చదువుకి వెళ్లే పిల్లల సీజన్‌లో వేస్తే ఇంకా ఉపయోగం. ఉత్తరం పొడుగైపోయింది, ఎంత కావాలంటే అంత కత్తిరించుకోండి, అంగుళాలూ సెంటీమీటర్లూ మాత్రం తారుమారు కాకుండా చూడండి, 5.5 అనేది టెక్సస్‌లో అంగుళాలు, జపాన్‌లో సెంటీమీటర్లు.

ఇట్లు,
మీ పాఠకుడు